ఐదు రూపాయల జిగురు గారికి, నా రెండు వేళ్ల తరఫున

మహారాజశ్రీ ఐదు రూపాయల ఇన్‌స్టంట్ జిగురు గారి సముఖమునకు,

నమస్కారం. చేతులు జోడిస్తే మళ్లీ ఎక్కడ అంటుకుంటాయోనని దూరం దూరంగా పెట్టే చేస్తున్నాను, మన్నించగలరు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలమంతా తమరి వైపే కనబడుతోంది.

ఆదివారం సంగతి తమరికి తెలిసిందే. దసరా కొలువు కోసం అటక మీది పెట్టె దింపితే, మా అత్తగారు పెళ్లయిన కొత్తలో కొనుక్కున్న కొండపల్లి అంబారీ ఏనుగు మీంచి మావటి ఊడిపోయి, పాత చీరముక్కలో విడిగా పడి ఉన్నాడు. "నాలుగు చింతగింజలు వేయించి నూరు, అదే పట్టుకుంటుంది" అన్నారావిడ. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతోనే అక్కడి వాళ్లు ఆ బొమ్మలకు అతుకులు వేస్తారు. నలభై ఏళ్లు నిలిచిందిగా అని ఆవిడ పాయింటు. ఈ రోజుల్లో చింతగింజలు నూరేదెవరు అత్తయ్యా అనేసి, సందు చివరి కొట్లో షాంపూ ప్యాకెట్ల దండ పక్కన వేలాడుతున్న తమరిని తెచ్చుకున్నాను. అంతవరకూ తప్పు నాదే.

ఒక్క చుక్క చాలని అట్ట మీద రాసుంది. గుండుసూదితో పొడిచి మెల్లగా నొక్కాను. రాలేదు. కాస్త గట్టిగా నొక్కాను. రాలేదు. ఇంకాస్త నొక్కేసరికి, పండగ ముందు ఆర్టీసీ బస్సు తలుపు తీస్తే జనం మీద పడ్డట్టు, ఉన్న అర గ్రామూ ఒక్కసారే మీదికొచ్చింది. కారిందాన్ని తుడుద్దామని దూది అద్దితే, ఆ దూది వేడెక్కి చురుక్కుమంది. తమరికీ దూదికీ పడదని అప్పుడే తెలిసింది. సరే, అదీ వదిలేస్తాను.

మావటిని ఏనుగు మీద కూర్చోబెట్టి, పది లెక్కపెట్టి, చెయ్యి తీశాను. ఏనుగు అక్కడే ఉంది. మావటి నా చేతితో పాటు వచ్చేశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, తలపాగాతో సహా, నవ్వుతూ.

నాకు మింగుడుపడనిది ఇదే. చెప్పు పట్టీ ఊడితే తమరిని పిలిచాను, నాలుగడుగులకే పట్టీ ఊడింది, వేళ్లు అంటుకున్నాయి. మిక్సీ జారు పిడి విరిగితే పిలిచాను, పిడి మూడోరోజు పచ్చడితో సహా కిందపడింది, వేళ్లు మాత్రం మొదటి నిమిషంలోనే అంటుకున్నాయి. కళ్లద్దాల కాడకి రాస్తే అద్దం మీద తెల్లగా మంచు పట్టింది. వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తమరు ఏదీ అంటించలేరని నేననడం లేదు. అంటించమన్నదాన్ని తప్ప అన్నిటినీ అంటిస్తారు.

మా అమ్మాయి బీఫార్మసీ చదువుతోంది. వేళ్లు విడదియ్యవే అంటే పాఠం మొదలుపెట్టింది. "ఇది ఆరి అంటుకునే జిగురు కాదమ్మా, సయనోఅక్రిలేట్. ట్యూబులో అణువులు విడివిడిగా ఉంటాయి. తేమ తగిలిందా, ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కట్టేస్తాయి. గాల్లో ఉండే తేమే చాలు." అంటే లెక్క ఏమిటంటే, ఒకవైపు అటక మీద ఏళ్ల తరబడి ఎండిన, ఆ బొమ్మలు చేసే పొణికి చెక్క, ఇంకోవైపు విజయవాడ ఉక్కలో, అత్తగారు చూస్తున్నారన్న టెన్షన్‌తో ముచ్చెమటలు పోస్తున్న నా వేళ్లు. పైగా పొణికి గుల్ల చెక్క, పల్చటి జిగురు పడితే పడ్డంత పీల్చేసుకుంటుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. కాబట్టి తమరు పొరపాటున నా వేళ్లను పట్టుకోలేదు. చూసి, ఎంచుకుని పట్టుకున్నారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే రసాయన శాస్త్రవేత్త, తుపాకీ గురి చూసుకోవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే తమరు తగిలారు. ముట్టుకున్న ప్రతిదానికీ అతుక్కుపోతోందని విసిగి పక్కన పెట్టేశారు. తమరి గురించి ఆ మొదటి అభిప్రాయమే సరైనదని నా నమ్మకం. 1951లో టెన్నెసీలో, జెట్ విమానాల్లో పైలట్ తల మీది పారదర్శకమైన కప్పుకి వేడిని తట్టుకునే పదార్థం కావాలని చూస్తూ ఫ్రెడ్ జాయ్‌నర్ అనే ఆయన తమరిని ఒక పరికరంలో రెండు పట్టకాల మధ్య రాశాడు. పట్టకాలు మళ్లీ విడిపోలేదు. పాపం, ఎంత ఖరీదైన పరికరమో. ఆయన బాధ ఆయనకీ నాకూ తెలుసు. కూవర్ గారికి మాత్రం, ఇది జిగురుగా పనికొస్తుందని అప్పుడు బుర్ర వెలిగింది. 1958లో తమరు ఈస్ట్‌మన్ 910 అన్న పేరుతో బజారుకెక్కారు. ఆ తర్వాత ఆయన ఒక టీవీ షోలో ఒక్క చుక్కతో సాక్షాత్తూ మనిషినే గాల్లోకి లేపి చూపించారు. మనిషిని మొయ్యగలిగిన వారికి బెత్తెడు మావటి బరువైపోయాడా?

మా ఆయన ఫోను చూసి, "అసిటోన్ కావాలిట" అన్నారు. అమ్మాయి నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చింది. సీసా మీద "అసిటోన్ లేనిది" అని గర్వంగా రాసుంది. ఈలోగా గ్యాస్ బండి వచ్చింది. ఓటీపీ చెప్పాలి. ఫోను తెరుచుకోవాలంటే నా బొటనవేలు కావాలి, బొటనవేలు మావటి దగ్గరుంది. గ్యాస్ అబ్బాయి నా చేతి వంకా మావటి వంకా చూసి, ఏమీ అడగకుండా నీళ్లు తాగి కూర్చున్నాడు. చివరికి గోరువెచ్చటి సబ్బునీళ్లలో గంటన్నర నానబెట్టి, కొబ్బరినూనె రాసి, అత్తగారు ఒక్కో చర్మప్పొరా వదిలిస్తే మావటికి విడుదలైంది. చింతగింజల మాట ఆవిడ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అది ఇంకా ఘోరం.

అంతటితో అయిపోయిందనుకున్నాను. సోమవారం ఆఫీసులో హాజరు మెషీన్ మీద వేలు పెట్టాను. "ప్లీజ్ ట్రై అగైన్." తుడిచి పెట్టాను. "ప్లీజ్ ట్రై అగైన్." గీతల్లో గట్టిపడి కూర్చున్నది తమరు కాదూ? వెనకాల లైను పెరిగింది. చూపుడువేలూ అంతే. ఎడమచేతి వేలు ఆ మెషీనుకి ఎవరో తెలియదు. రిజిస్టరులో సంతకం చేస్తానంటే కుదరదన్నారు. సగం పూట జీతం కట్.

ఇక తమరూ గిమరూ లేదు. పోలీసులు నీ ఆవిరి పట్టే కదా దొంగల వేలిముద్రలు తెల్లగా లేపేది? దొంగది చూపిస్తావు, ఇరవయ్యేళ్లుగా ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తున్నదాని ముద్ర మూసేస్తావా? సగం పూట జీతం ఎంతో తెలుసా నీకు? నీలాంటి ట్యూబులు సంచెడొస్తాయి. వచ్చి మాత్రం ఏం లాభం, ఒకసారి మూత తీస్తే రెండోసారికి పనికొచ్చావా ఎప్పుడైనా? నా ఫ్రిజ్ తలుపులో, కరివేపాకు పక్కన, రాయైపోయిన నీ అన్నదమ్ములు ముగ్గురున్నారు.

ఒక్కటి మాత్రం నిజం చెప్పాలి. పోయిన వేసవిలో మా తమ్ముడి కొడుకు గడప తగిలి కనుబొమ్మ చీరుకుంటే, ఆసుపత్రిలో సూదీ దారం లేకుండా మీ వంశంవాడితోనే అంటించి పంపారు. వాడు ఏడవనైనా లేదు. వియత్నాం యుద్ధంలో నీ జాతి జిగురునే గాయాల మీద చల్లి, రక్తం ఆపి, సైనికుల్ని ఆసుపత్రి దాకా బతికించారని కూడా విన్నాను. చాలా పుణ్యం. ఆ రోజు డాక్టరు గారి వేళ్ల జోలికి మాత్రం పోలేదేం మరి?

మావటి ఇప్పుడు ఏనుగెక్కాడు. ఆదివారం రాత్రి నేను పడుకున్నాక అత్తగారు చింతగింజలు నూరారు. కాకపోతే వాడి కింద నీ గడ్డ రాయిలా ఉండిపోవడంతో తిన్నగా కూర్చోవడం లేదు, సగం తోకవైపు తిరిగాడు. పేరంటానికి వచ్చినావిడ అదేమిటండీ అనడిగితే, "ఏనుక్కి దారి తెలుసులే" అన్నారావిడ.

ఇట్లు,
ఒకప్పటి నీ ఖాతాదారు

తా.క.: ఈ కవరు అన్నం మెతుకులతో అంటించాను.