శారద ఎవరు నాన్నా?

ఒడిశా బరంపురంలో స్థలాలూ ఇళ్లూ అమ్మించే బ్రోకరు సోదరులకు ఒక విన్నపం. 2016లో వచ్చిన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఏజెంట్లను రిజిస్టర్ చేసుకోమంది, లెక్కలు రాసుకోమంది, తప్పుడు మాటలు చెప్పొద్దంది. (ఈ మూడోది చాలామంది చదివినట్టు లేరు.) సైటు చూడ్డానికి అమ్మానాన్నల వెంట వచ్చే నాలుగో తరగతి గుంటడితో ఎలా మసలుకోవాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

ముందు కోర్టు సంగతి. మైనరు రాసిచ్చిన ఒప్పందం మొదట్నుంచీ చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకు అన్నిటికంటే పై కోర్టైన ప్రివీ కౌన్సిల్ తేల్చేసింది. అదీ ఆస్తి తాకట్టు కేసే. పాపం, ఆ జడ్జీలు లండన్‌లో కూర్చుని తీర్పు చెప్పారు. గోపాల్‌పూర్ రోడ్డులో మిట్టమధ్యాహ్నం ఒక తెలుగు కుటుంబం వెంట స్థలం చూడ్డానికి వచ్చుంటే తెలిసేది. సంతకం తండ్రిది, డబ్బు తల్లి నగలది, నిర్ణయం వెనక సీట్లో చిప్స్ తింటున్నవాడిది.

జేబునిండా చాక్లెట్లు వేసుకుంటే సరిపోతుందనుకోకండి. సగం కట్టిన ఇంట్లో వాడికి ఒంటేలు వస్తే ఏం చేస్తారు? బాత్రూముకు తలుపుండదు, కుళాయిలో నీళ్లుండవు. వాడు అర్జెంటన్నాడంటే ఆ రోజు బేరం ముగిసినట్టే. వ్యంగ్యం కాసేపు పక్కన పెడతాను: మెట్లకు రెయిలింగు ఉండదు, సంపుకు మూత ఉండదు. తల్లిదండ్రులు ఆగ్నేయంలో వంటగది కొలుచుకుంటూ ఉంటారు, సంపు ఈశాన్యంలో ఉంటుంది. గుంటడి చెయ్యి మీరే పట్టుకోండి.

పెద్దవాళ్లకు ఏం చెప్పినా చెల్లుతుంది. పోర్టు పెరిగితే రేటు పెరుగుతుందంటే తలూపుతారు, నెలకల్లా మర్చిపోతారు. పిల్లలతో మాత్రం ‘ఇక్కడ ఉయ్యాల వస్తుంది బాబూ’ అని నోరు జారకండి. రిజిస్ట్రేషను రోజు సాక్షుల ముందు అడుగుతారు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఒడియా చదవగలిగే పిల్ల. మా ఇంట్లోనే ఒకతె ఉంది.

పోయినేడాది మా అన్నయ్య స్థలం కొనబోయాడు. ఆయన ఒడియా గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. బ్రోకరు బైకు ట్యాంకు మీద పట్టా పరిచాడు. అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందికి శ్రద్ధగా చూసి, మూడుసార్లు తలూపాడు. ఐదో తరగతి చదివే ఆయన కూతురు పక్కనుంచి తొంగి చూసింది.

‘‘నాన్నా, ఇక్కడ శారద అని ఉంది. శారద ఎవరు నాన్నా?’’

వదిన అన్నయ్య వైపు తిరిగింది.

‘‘పాత ఓనరు గారి భార్య పేరమ్మా,’’ అన్నాడు బ్రోకరు తడుముకోకుండా.

‘‘కాదంకుల్, పేర్లు పైనున్నాయి. ఇది కిసం అన్న గడిలో ఉంది.’’

కిసం అంటే నేల రకం. శారద అంటే వరి పండే భూమి. ఇల్లు కట్టుకోవాలంటే ఆ గడిలో ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. లేకపోతే ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి మార్పించుకోవాలి. ‘ఘరబారీయే సార్, లోను రేపే వచ్చేస్తుంది’ అని బ్రోకరు ఫోన్లో మూడుసార్లు చెప్పింది ఈ స్థలం గురించే.

ఇలాంటి పిల్లలు తగిలితే ఏం చెయ్యాలి? కిసం ముందే మార్పించి, ఆ తర్వాత స్థలం చూపించొచ్చు. ఖర్చుతో కూడిన పని, పైగా వృత్తి సంప్రదాయానికి విరుద్ధం, కాబట్టి సిఫార్సు చెయ్యను. పిల్లలకు ఒడియా అక్షరం అంటకుండా ఇంగ్లీషులోనే పెంచుతున్న కుటుంబాలను వెతుక్కోండి. మన పేటల్లో వాళ్లకు కొదవ లేదు.

ఆ రోజు మా బ్రోకరు జేబులోంచి చాక్లెట్టు తీసిచ్చాడు. పిల్ల తీసుకుని, తినేసి, కాగితం మడిచి, రెండో పేజీ చూపించమంది.

స్థలం అక్కడితో పోయింది. శారద అంటే వరిపొలమేనని అన్నయ్య తహసీలు ఆఫీసు గుమాస్తా చేత కూడా చెప్పించాడు. వదిన ‘‘సరేలెండి’’ అంది.