కథ అడ్డం తిరిగిందట, తిప్పిందెవరు?

మొన్నామధ్య సిటీలో ఒక నాటక సంఘం కన్యాశుల్కం వేస్తే వెళ్లాను. ఎప్పటిలాగే రెండు గంటలకు కుదించిన ప్రదర్శన. చివర్లో గిరీశం 'డామిట్, కథ అడ్డంగా తిరిగింది' అనగానే హాలంతా ఈలలు. నేనూ నవ్వాను. మెట్రో ఎక్కాక ఆ మాట మళ్లీ బుర్రలో మెదిలి ఒక్కసారి ఆగిపోయాను. అతగాడు ఏమన్నాడో చూడండి: కథ తిరిగింది. తను ఏమీ చెయ్యలేదు, కథే తనంతట తను తిరిగింది. పూటకూళ్లమ్మ దగ్గర డబ్బు కాజేసి, వితంతు వివాహమనే సంస్కరణ జెండా పట్టుకుని బుచ్చమ్మని లేవదీసుకొచ్చి, చివరికి దొరికిపోయినవాడి నోట్లో 'నేను' అనే మాటే లేదు.

నా వాదన ఇంతే. అపరాధం, అధికారం, కోరిక మూడూ మన సాహిత్యంలో బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ మూడూ ఒకే మనిషి దగ్గర ఉండవు. అధికారం, కోరిక ఒకడి దగ్గరుంటాయి, గిల్ట్ మాత్రం ఇంకొకరి నెత్తిన పడుతుంది. విమర్శకులు ఈ మూడింటినీ 'మానవ స్వభావంలోని చీకటి కోణాలు' అని ఒకే మూటలో కడతారే, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మానవ స్వభావమైతే అందరికీ సమానంగా ఉండాలి కదా.

భారతంలో విరాటపర్వం తీసుకోండి. సురభి వాళ్లు 1885లో ఆడిన మొదటి నాటకం కీచకవధే. ఆ నాటక సమాజం ప్రయాణం ఈ కథతోనే మొదలైంది. కీచకుడికి కోరిక ఉంది, సైన్యం ఉంది, అక్క రాణి. సైరంధ్రి పేరుతో దాసీగా ఉన్న ద్రౌపదిని కల్లు తెమ్మని వాడి ఇంటికి పంపిందీ ఆ అక్కే. ఆమె తప్పించుకుని నిండు సభలోకి పరిగెత్తుకొస్తే వాడు వెంటబడి వచ్చి అందరి ముందూ జుట్టు పట్టి తన్నాడు. రాజు విరాటుడికి బావమరిదిని అడిగే దమ్ము లేదు. అప్పుడు తిక్కన ఎవరి చేత నోరు విప్పిస్తాడు? కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు చేత. ఆయన కీచకుణ్ణి ఏమీ అనడు. ఇట్లా సభలో నటిలాగా నిలబడటం బాగోలేదు, లోపలికి వెళ్లమని తన్నులు తిన్న మనిషికే చెప్తాడు. సిగ్గుపడాల్సింది ఆమెట! ద్రౌపది ఊరుకుందా? నా మొగుడే నటుడు కంకభట్టా, పెద్దలెట్లాగో పిన్నలూ అట్లాగే, నా నడతా మొగుడి తీరే అని అంటించింది. ఆ పద్యాన్ని మనం చమత్కారానికి ఉదాహరణగా బట్టీ పడతాం. నాకది చార్జిషీటులా కనిపిస్తుంది. తన్నినవాడి పాపాన్ని తన్నులు తిన్నవాళ్లకి ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతిని రెండు ముక్కల్లో బట్టబయలు చేసింది.

మళ్లీ కన్యాశుల్కానికి వస్తే, మధురవాణి దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లో మగాళ్లందరూ ఆమె ఇంటి గడప తొక్కినవాళ్లే, కానీ సాని కాబట్టి సిగ్గు ఆమెకే ఉండాలి. చివరికి ముసలి లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్య కేసు గుట్టంతా ఆమె చేతిలోకి వచ్చింది. నీతికి నిలువుటద్దంలాంటి వకీలు సౌజన్యారావు పంతులు ఆమె ముందు కూర్చున్నాడు, ఆయనకి కావలసిన సమాచారానికి ఆమె అడిగిన ధర ఒక ముద్దు. పంతులు ఒప్పేసుకున్నాడు కూడా. ఆ ఒక్క నిమిషం అధికారమంతా ఆమెది, ఆయన కోరికేదో బయటపడబోతోంది కూడా. అప్పుడామె వద్దంది, చెడనివాళ్లని చెడగొట్టొద్దని తన తల్లి చెప్పిందని. నాటకం మొత్తమ్మీద చేతిలోకొచ్చిన అధికారాన్ని వాడకుండా వదిలేసింది ఆమె ఒక్కతే. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకాన్ని 1909 నాటికి గురజాడ దాదాపు కొత్తగా రాసేశాడు. ఆ శ్రమ ఊరికే పోలేదనిపిస్తుంది ఈ సీను చూస్తే.

కోరికని ఆడవాళ్లు రాస్తే ఏమైందో కూడా తెలిసిందే. ముద్దుపళని శృంగార కావ్యం 'రాధికాసాంత్వనం'ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే సర్కారు నిషేధించింది. చివరికి ప్రకాశం పంతులు పూనుకుంటే గానీ ఆ నిషేధం పోలేదు. ఈ సిగ్గేదో ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని నాగరత్నమ్మ అప్పుడే అడిగింది. సమాధానం ఇంకా రావలసి ఉంది.

ఇక నవలల్లోకి వస్తే గిల్ట్ అంతా మామూలు మనుషులది. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు పుచ్చుకున్న పాపానికి పేజీలకు పేజీలు వణుకుతాడు. అప్పిచ్చిన గవరయ్యకి ఏ టెన్షనూ లేదు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి తన తల్లి గురించి ఊరు అనుకునే మాటల్ని జీవితాంతం మోస్తాడు. అనుకున్న ఊరు మాత్రం హాయిగా నిద్రపోతుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు సంగతి చెప్పనే అక్కర్లేదు. వీటిని 'మనో వైజ్ఞానిక నవలలు' అని పేరు పెట్టి పక్కన పెట్టేశాం. నా దృష్టిలో ఇవి వసూళ్ల లెక్కలు. గిల్ట్ అనేది పన్నులాంటిది, కట్టేవాడి దగ్గరే గుంజుతారు.

దీనికి నా మిత్రుడొకాయన, యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన, గట్టిగా అడ్డం చెప్పాడు. షేక్‌స్పియర్ మేక్‌బెత్ రాజు కాదా, నిద్రని చంపుకోలేదా? ఆయన భార్య నిద్రలో చేతులు కడుక్కోలేదా? అదంతా ఎందుకు, యుద్ధం గెలిచాక కర్ణుడు అన్న అని తెలిసి ధర్మరాజు రాజ్యం వద్దని ఏడవలేదా? నిజమే. మేక్‌బెత్ విషయంలో నేను సరెండర్. నేను అడిగేది కూడా అదే, సింహాసనం మీదున్నవాడికి నిద్ర పట్టని రాత్రి మనవాళ్లు ఇంకా ఎందుకు రాయరని. ధర్మరాజు మాత్రం వేరే కేసు. ఆయన ఏడిస్తే ఓదార్చడానికి తమ్ముళ్లు, వ్యాసుడు, కృష్ణుడు, అంపశయ్య మీదున్న భీష్ముడితో సహా క్యూ కట్టారు. ఆఖరికి దొరికిన మందేమిటి? అశ్వమేధం. హిమాలయాల్లో మరుత్తుడి బంగారం తవ్వి తెచ్చుకుని, గుర్రాన్ని వదిలి, ఇంకొన్ని యుద్ధాలు చేసి పాపం పోగొట్టుకున్నాడు. సుబ్బయ్యకి ఆ సౌకర్యం లేదు.

ఇదంతా చదివి నాకు పట్టుకున్న పిచ్చి ఒకటుంది, మన భాషలో 'జరుగు', 'చేయు' అనే రెండు క్రియలు ఎవరు వాడతారో గమనించడం. న్యూస్ చానల్ పెట్టి అరగంట వినండి. పొరపాటు జరిగింది. మాట దొర్లింది. ప్రాణనష్టం సంభవించింది. నాయకుడు వీడియోలో చేతులు జోడించి 'ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే' అంటాడు, ఆ 'ఉంటే'లోనే దెబ్బ మాయమైపోతుంది. గిరీశం వ్యాకరణం ఇప్పుడు రాజభాష. కథలు రాసేవాళ్లు ముందు దీన్ని పట్టుకోవాలి. మా రచయితలు వేదికల మీద అంతరాత్మ గురించి గంటలు గంటలు మాట్లాడతారు గానీ, ఒక్క పాత్ర చేతనైనా 'నేను చేశాను' అనిపించండయ్యా, అదీ ఏసీ కారులో తిరిగే పాత్ర చేత.

మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్తాను. పోయిన ఎండాకాలం ఒక రాత్రి మోటర్ స్విచ్ ఆన్‌లో ఉండగా కరెంటు పోయింది. రెండింటికి కరెంటు వచ్చింది, ట్యాంకు పొంగింది, నీళ్లు లిఫ్టులోకి దిగాయి. సంపు గది తాళంచెవులు రెండు, ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి సెక్రటరీ దగ్గర. 'నేను పండేటప్పుడు బంద్ చేసిన సార్, ఒట్టు' అన్నాడు వాచ్‌మన్, పాలమూరు మనిషి. అయినా సరే, రాసివ్వాల్సిందే అన్నారు కమిటీ వాళ్లు. సెల్లారులో కుర్చీలు వేశారు, లాంగ్ నోటుబుక్కు తెచ్చారు. అతను మెల్లగా కూడబలుక్కుంటూ 'తప్పైంది సార్' అని రాశాడు. సెక్రటరీ చూసి, అట్లా కాదు, తప్పు చేశాను అని రాయి అన్నాడు. కొట్టేసి 'తప్పు చేసిన' అని రాశాడు. 'చేసిన' కాదయ్యా, 'చేశాను' అన్నాడు సెక్రటరీ. మళ్లీ కొట్టేసి రాశాడు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ పోస్టు: లిఫ్టు మరమ్మతులో జాప్యం జరుగుతున్నందుకు చింతిస్తున్నాము.

ఆ నోటుబుక్కులో కింద సాక్షి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.