మీసం తిప్పితే పేరొస్తుందా?

విజయవాడ సత్యనారాయణపురంలో నాకు తెలిసిన ఒక చిత్రకారుడు ఉన్నారు. కృష్ణ ఒడ్డును నీటిరంగుల్లో గీస్తారు. బీరువా తెరిస్తే కింది అర నిండా శాలువాలే, లెక్కపెడితే 41. అన్నీ సన్మానాల్లో కప్పినవి. కొన్ని సభలకు ఖర్చులో వాటా కూడా ఆయనే ఇచ్చుకున్నారట. ఆ సంగతి నవ్వుతూనే చెప్పారు. రెండేళ్లలో ఊళ్లో ఎన్ని బొమ్మలు కొన్నారని అడిగితే మాత్రం నవ్వలేదు. మందంగా ఉన్న శాలువాలు ఏరి, దుమ్ము పట్టకుండా బొమ్మలకు చుట్టిపెట్టారు.

"మనకు పబ్లిసిటీ చేతకాదండీ, అంతే" అన్నారు టీ కప్పు చేతికిస్తూ.

గుంటూరులోనైనా బెజవాడలోనైనా కళాకారుల మధ్య కూర్చుంటే పది నిమిషాల్లో ఈ మాట వచ్చి తీరుతుంది. పేరున్నవాళ్లు సొంత డబ్బా కొట్టుకుని పైకొచ్చారనీ, పని తెలిసినవాళ్లు మూలన పడ్డారనీ. వినేవాళ్లకూ అనేవాళ్లకూ ఓదార్పుగా ఉంటుంది. నాకు మాత్రం ఇది సగం లెక్కే అనిపిస్తుంది.

సొంత డబ్బా ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టలేదు. జంటకవులు తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచారు. శ్రోత్రియ పండితులకు ఆ రోజుల్లో అది తప్పు. తప్పని తెలిసే పెంచామనీ, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవీంద్రులమని చాటడానికే పెంచామనీ పద్యం చెప్పి మరీ సవాలు విసిరారు. రోషముంటే వచ్చి గెలవండి, గెలిస్తే ఈ మీసాలు తీసేసి మీ పాదాల దగ్గర తలలు పెట్టి మొక్కుతాం అన్నారు. ఈ కాలపు రీల్స్ దీని ముందు దిగదుడుపే. కానీ వాళ్లు చేసింది అవధానం. పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుని సమస్య ఇస్తాడు. పూరించలేనివాడు వందమంది ముందు అక్కడికక్కడే దొరికిపోతాడు. ఆ పరీక్షకు నిలబడ్డారు కాబట్టే మీసం చెల్లింది.

అయినా వాళ్లను ఇంతదూరం తెచ్చింది మీసం కాదు. గుంటూరు జిల్లా పల్లెల్లో తిరునాళ్ల రాత్రి పద్యనాటకం చూసినవాళ్లకు తెలుస్తుంది. కృష్ణుడి వేషగాడు వాళ్లు రాసిన "బావా! ఎప్పుడు వచ్చితీవు" పద్యం ఎత్తుకుంటాడు. హార్మోనియం వెంటపడుతుంది. రాగం సాగి సాగి ఆగేసరికి వెనక వరసల్లోంచి వన్స్‌మోర్ కేకలు. ఆ కేకలు వేసేవాళ్లను కవి ఎవరని అడిగి చూడండి, చాలామంది చెప్పలేరు. పద్యం మాత్రం నాలుగు పాదాలూ అప్పజెబుతారు. మన జిల్లావాడే అయిన ఈలపాట రఘురామయ్య లాంటి మహానటులు మొదలుకొని, పగలంతా మిరప చేలో పనిచేసి రాత్రికి కిరీటం పెట్టుకునే ఊరి నటుడి దాకా అందరూ కలిసి దాన్ని మోశారు. వాళ్లెవరికీ కవి పబ్లిసిటీకని పైసా ఇవ్వలేదు.

మీసం అన్నాక, మెలితిప్పిన మీసాలకు పేరుపడ్డ స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీని వదిలేయలేం. 1936లో లండన్ సర్రియలిస్టు ప్రదర్శనకు డైవింగ్ సూట్ తొడుక్కుని ఉపన్యాసం ఇవ్వబోయి, ఊపిరాడక గిలగిలలాడాడు. ఒకప్పటి సహచరుడు ఆంద్రే బ్రెతాన్ అతని పేరులోని అక్షరాలనే అటూ ఇటూ చేసి 'అవిడా డాలర్స్', అంటే డాలర్ల ఆశపోతు, అని వెక్కిరించాడు. సరే, డబ్బు యావ ఉంది, వేషాలూ ఉన్నాయి. కాని కరిగి జారిపోయే గడియారాల బొమ్మను 1931లోనే గీశాడు, డైవింగ్ సూట్ వేషానికి అయిదేళ్ల ముందు.

డచ్ చిత్రకారుడు వాన్ గో కథ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. 1890 జులైలో చనిపోయేనాటికి అమ్ముడైన బొమ్మలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అండగా ఉన్న తమ్ముడు థియో కూడా ఆరు నెలలకే పోయాడు. మిగిలింది థియో భార్య యోహానా. 28 ఏళ్లకే విధవ, చంకలో ఏడాది నిండని పిల్లాడు, ఇంటినిండా ఎవరికీ అక్కర్లేని వందల బొమ్మలు. హాలండ్ వెళ్లి బుస్సుమ్ అనే ఊళ్లో, వచ్చేపోయేవాళ్లకు గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడిపింది. ఆ గోడలకు ఆ బొమ్మలే తగిలించింది. విమర్శకులకు చూపించింది, ప్రదర్శనలకు పంపింది, ఏది ఎవరికి ఎంతకు అమ్మిందో పుస్తకంలో రాసుకుంది. అన్న తమ్ముడికి రాసిన ఉత్తరాలను 1914లో అచ్చువేయించింది. ఎప్పటికీ వదలకూడదనుకున్న పొద్దుతిరుగుడు పూల బొమ్మను 1924లో, బావగారి పేరు కోసమని, లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది. మరుసటి ఏడాది కన్నుమూసింది. అంటే 30 ఏళ్లకు పైగా చాకిరీ. వాన్ గో ప్రతిభను ఇందులోంచి తీసేస్తే ఆమె చాకిరీ వృథా. ఆమెను తీసేస్తే ఆ బొమ్మలు ఏ అటక మీదో చెదలు పట్టేవి.

మన దగ్గర కొరత ఇక్కడే ఉంది. డబ్బా కొట్టేవాళ్లకేం తక్కువ లేదు. ఫ్లెక్సీ వేస్తే కళాకారుడి ఫొటో కంటే నిర్వాహకుడిది పెద్దది. బిరుదులు ఇస్తారు, జిల్లా ఎడిషన్‌కు ప్రెస్‌నోట్ పంపుతారు, మర్నాటికి ఎవరి పనిలో వాళ్లు. ఒక బొమ్మ కొని గోడకు పెట్టుకునేవాడు, దాని మీద నాలుగు పేజీలు నిజాయితీగా రాసేవాడు, నచ్చకపోతే నచ్చలేదని రాసేవాడు ఏడీ? బెజవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్లు ఉన్న కాలంలో సినిమా కటౌట్లకు రంగులేసిన చేతులు ఎన్నో. ఫ్లెక్సీ వచ్చాక ఆ పనీ పోయింది, ఆ పేర్లూ పోయాయి. బందరు రోడ్డు మ్యూజియానికి బాపు పేరు పెట్టుకున్నాం. ఆయన మైకు ముందు మొహమాటపడే మనిషి. వారపత్రికలు ఆ గీతను ఇంటింటికీ తెచ్చాయి కాబట్టి ఆయనకు అది చెల్లింది. పత్రికలు మూతబడుతున్న రోజుల్లో బొమ్మలేసే కుర్రాడు రీల్స్ చేసుకుంటే నేను తప్పుపట్టను. వాడి తరఫున ఇంకెవరు మాట్లాడతారు?

మొన్న సత్యనారాయణపురం వెళ్లేసరికి ఆ చిత్రకారుడి కూతురు సెలవులకు వచ్చి ఉంది. శాలువాలన్నీ విప్పి బొమ్మలు మంచం మీద పరిచింది. ఒక్కోటీ ఫోన్‌లో ఫొటో తీసి, వెనకాల పెన్సిల్‌తో ఊరూ సంవత్సరం రాస్తోంది.

"ఇదెప్పటిది నాన్నా?"

"సీతమ్మవారి పాదాల రేవు. పుష్కరాలప్పటిది."

"2004వా, 2016వా?"

ఆయన కళ్లజోడు పైకి తోసి బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకెళ్లారు. గుర్తు రాలేదు. వేలు ఆనించకుండా, తను గీసిన మెట్లు తనే లెక్కపెట్టడం మొదలుపెట్టారు.