చుట్టవై వచ్చి చుట్టమైన వారికి

బెజవాడ,
రాత్రి రెండున్నర.

శ్రీ దోమల కాయిల్ గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ప్రస్తుతానికి కుశలం మీ ఒక్కరిదే. నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. మంచం కింద పాత స్టీలు పళ్లెంలో, రేకు ముక్క మీద నిలబడి, ఎర్రటి చుక్కతో మీరు ధ్యానంలో ఉన్నారు. నేను దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాను. మీ బూడిద కూడా చుట్ట తిరిగే రాలుతుంది. ఆ క్రమశిక్షణ నా ఊపిరికుంటేనా!

మీది గొప్ప వంశమే. జపాన్‌లో నిలువు కడ్డీగా పుట్టి, 40 నిమిషాలకే ఆరిపోయేవారట. 1895లో మీ సృష్టికర్త ఉయెయామా ఎయిచిరో గారికి భార్య యూకీ, చుట్టలా చుడితే తెల్లార్లూ కాలుతుందని సలహా చెప్పింది. ఆ మహాతల్లికి ఉబ్బసం ఉండి ఉండదు.

మీ ఒక్కరి పొగలో ఉండే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. మా మామయ్యగారు కాల్చేది రోజుకి రెండు. అవీ కోడలికి పడదని వీధి చివరికెళ్లి కాల్చుకొస్తారు. అంతటి మర్యాదస్తుడూ, సాయంత్రం ఆరయ్యేసరికి మిమ్మల్ని స్వహస్తాలతో వెలిగించి నా మంచం కింద పెడతారు.

నీలం ఇన్‌హేలర్ తీస్తే చాలు, "అలవాటైపోతుందే అమ్మాయ్" అంటారు అత్తయ్యగారు. పదేళ్లుగా రోజూ వెలుగుతున్న మీరు మాత్రం ఎవరికీ అలవాటు కాదు. ఆ నీలంది ఆయాసం ముంచుకొచ్చినప్పటికేననీ, లోపలి వాపు తగ్గించేది రోజూ పీల్చి నోరు పుక్కిలించే రెండో ఇన్‌హేలరనీ డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ రెండోదాన్ని చీరల మడతల్లో దాచుకుని, చాటుగా పీల్చుకుంటున్నాను. మీరేమో దర్జాగా అటకెక్కకుండా గదిలోనే కాపురం.

పోనీ చేసే ఉద్యోగమైనా సరిగ్గా చేస్తున్నారా? ఇప్పుడే ఏలూరు కాలువ దోమ ఒకటి మీ పొగలోంచే వచ్చి నా మోకాలి మీద వాలింది. దానికి దగ్గు కూడా రాలేదు.

నిన్న దోమతెర కొనుక్కొచ్చాను.

"అది కడితే గాలాడదమ్మా" అన్నారు మామయ్యగారు, అగ్గిపెట్టె వెతుక్కుంటూ.

ఇట్లు,
మీ పై మంచం కోడలు