పెన్న ఒడ్డు నుంచి చెరువు కట్ట దాకా

విదేశాల నుంచి డిసెంబరు సెలవులకు నెల్లూరు వెళ్లే మన కుటుంబాల కార్యక్రమం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చెన్నైలో దిగడం, కారులో ఊరు చేరడం, చుట్టాల ఇళ్లు, తిరుమల, ఒక సాయంత్రం మైపాడు బీచ్. మూడు వారాలు ఊళ్లో ఉండి కూడా ఊరిని చూడకుండానే మళ్లీ విమానమెక్కుతున్నాం. కారు అద్దంలోంచి కనబడేది ట్రంకు రోడ్డు మాత్రమే. నెల్లూరు నీళ్ల పక్కన పుట్టిన ఊరు. ఆ నీళ్ల వెంట నడిస్తే తప్ప అర్థం కాదు. అందుకే ఈసారి రెండు ఉదయాలు నడకకు పెట్టండి. మన సంఘాలు ఊరికి పంపే డబ్బులో కొంత ఆ నడకదారికి కూడా వెళ్లాలి. ఆ సంగతి చివర్లో చెప్తాం.

నందికొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్ల ప్రయాణంలో, సముద్రం ఇక దగ్గర పడిందనగా ఈ ఊరిని ఆనుకుని పోతుంది. 1850ల్లో ఇక్కడ ఆనకట్ట కట్టారు. ఊళ్లోంచి పారే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఆ నీళ్లవే. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. ఊరి పేరుకు చెప్పే కథలూ నేలా నీళ్లతో ముడిపడినవే. నెల్ అంటే వరి అని కొందరంటారు. నెల్లి అంటే ఉసిరి, ఆ చెట్టు కింద వెలసినవాడే మూలస్థానేశ్వరుడని మరికొందరంటారు.

మొదటి ఉదయం రంగనాయకులపేటలో మొదలుపెట్టాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఆరింటికల్లా బయల్దేరితే మంచిది. జెట్‌లాగ్‌తో మూడింటికే లేచి కూర్చునే పిల్లలను బలవంతంగా పడుకోబెట్టే బదులు, వచ్చిన మొదటి నాలుగు రోజుల్లోనే ఈ నడక పెట్టుకోండి. తర్వాత వాళ్లను లేపడం మీ తరం కాదు. తల్పగిరి రంగనాథస్వామి గుడి గాలిగోపురం దగ్గర్నుంచి ఏటి ఒడ్డుకు వెళ్లి, వెలుగొచ్చేదాకా ఇసుకను చూస్తూ కూర్చోవచ్చు. అక్కణ్ణుంచి మూలాపేటలో ఆ మూలస్థానేశ్వరుడి గుడికి నడవండి. తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడని బళ్లో చదువుకున్నదే. ఏటి ఒడ్డున హరినీ, మూలాపేటలో హరుణ్ణీ ఒకే ఉదయం కాళ్లతో కలుపుకుంటూ వస్తే, పదమూడో శతాబ్దంలో ఈ ఊరి కవికి ఆ దేవుడు ఎందుకు నచ్చాడో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

చివరి మజిలీ స్వర్ణాల చెరువు. ఒడ్డున ఇరుకళల పరమేశ్వరి అమ్మవారు, బారాషహీద్ దర్గా ఉన్నాయి. మొహరం నెలలో రొట్టెల పండుగకు జనం ఈ నీళ్లలోనే దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, తీరాక మళ్లీ తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె లాగా విదేశీ రొట్టె కూడా ఉంది. పరాయి దేశంలో ఉన్న మనలో కొందరి వీసా వెనక ఈ నీళ్లలో నిలబడి పట్టుకున్న తల్లి చెయ్యి ఉంది. కారులో పోతే ఆ చెరువు ఒక మలుపు మాత్రమే. ఆగుతూ నడిచినా మొత్తం మూడు గంటలకు మించదు. తర్వాత కారం దోసె తినండి, ఆకలి దానంతటదే వస్తుంది.

కాళ్లకు వెనక పట్టీ ఉన్న, అడుగు మందంగా ఉన్న చెప్పులు మేలు. బూట్లయితే ప్రతి గుడి దగ్గరా తాళ్లు విప్పాలి, పైగా ఇసుక మేజోళ్లలో చేరి పది నిమిషాల్లో మడమ ఒరుస్తుంది. మనిషికి గంటకు అర లీటరు నీళ్లు లెక్క వేసుకోండి. తెల్లవారుజామున సందుల్లో కుక్కలుంటాయి. పరుగెత్తొద్దు, గుంపుగా నడవండి. కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించాలి. చిన్న గాటే కదా అని తిరుగు ప్రయాణం దాకా ఆగడం ప్రాణాంతకం.

రెండో ఉదయం పెన్నలో నడక. ఇక్కడ చూడాల్సిందీ, జాగ్రత్త పడాల్సిందీ ఎక్కువే. పొడి ఇసుక తెల్లగా, వదులుగా ఉంటుంది, అడుగు దిగబడి వేగం సగానికి పడిపోతుంది. బూడిదరంగులో తడిగా ఉన్న పట్టీ మీద నడిస్తే కాలు నిలుస్తుంది. గట్టు దిగేచోట పల్లేరు కాయలుంటాయి. ఒకటి తీసి పిల్లల అరచేతిలో పెట్టండి. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది. పలచటి హవాయి చెప్పును పొడుచుకుని పాదంలోకి దిగేది అదే. ఇసుకలో మోచేతి లోతు గొయ్యి తవ్వి కాసేపు ఆగితే చుట్టూ నుంచి నీరు ఊరి, చెలమ తయారవుతుంది. మన అవ్వలు బిందెలు నింపుకున్నది ఇలాంటి చెలమల దగ్గరే. ఇవాళ ఆ నీళ్లు తాగొద్దు, చూసి పూడ్చేయండి. తీతువు తలమీద తిరుగుతూ అరుస్తుంటే గుడ్లో పిల్లలో దగ్గరున్నాయని అర్థం, వచ్చిన దారినే వెనక్కి తగ్గాలి. నీటిమడుగుల దగ్గర కదలకుండా పది నిమిషాలు నిలబడితే లకుముకి పిట్ట కనబడకపోదు.

భయపడాల్సింది ఇసుక గోతులకు. యంత్రాలతో తవ్విన చోట గొయ్యి నిటారుగా ఉంటుంది. నీళ్లు నిండాక పైనుంచి చూస్తే మోకాలి లోతు మడుగులాగే ఉంటుంది. అంచు ఇసుక తడిసి కింద కోసుకుపోయి ఉంటుంది కాబట్టి నిలబడ్డ మనిషితో సహా జారుతుంది. ఈత వచ్చినవాళ్లకూ పట్టు దొరకదు, పట్టుకున్న అంచు చేతిలోకే వచ్చేస్తుంది. అందుకని అడుగు కనబడని నీళ్లలోకి దిగొద్దు, అంచుకు రెండు మూడు మీటర్ల దగ్గరికి కూడా పోవద్దు. ఎవరైనా పడితే వెనకే దూకకండి. నేల మీద బోర్లా పడుకుని చీరో పంచో విసరండి. ఇలా ఒకరి వెనక ఒకరు దిగి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం చూస్తూనే ఉన్నాం. ఎగువన సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలారేమో ముందురోజే ఊళ్లో కనుక్కోండి. వదిలి ఉంటే ఆ రోజు గట్టు మీదే నడవండి.

ఇంకా ఒక పూట ఉంటే ఊరికి పడమరన నరసింహకొండ ఎక్కండి. ఏడు కోనేళ్లు చూసి పైనుంచి కిందికి చూస్తే పెన్న, అవతలి ఒడ్డున జొన్నవాడ కనిపిస్తాయి. ఎండ ఎక్కకముందే దిగిపోవాలి.

ఇక డబ్బు సంగతి. స్వాగత తోరణాలకూ విగ్రహాలకూ మన సంఘాలు చందాలు సులువుగా పోగుచేస్తాయి. ఆ శ్రద్ధను తప్పు పట్టడం లేదు. కానీ ఈ దారి పొడవునా ఒక ముసలావిడ కూర్చోవడానికి నీడ లేదు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదు. కాలువల గట్లు చెత్తతో నిండిపోయి నడిచే వీలే లేని చోట్లున్నాయి. అర కిలోమీటరుకొక అరుగు, మధ్యలో నీళ్లుండే, రోజూ కడిగే మరుగుదొడ్లు, దూరాన్ని నిమిషాల్లో చెప్పే తెలుగు బోర్డులు. అడుగుతున్నది ఇంతే. కట్టడం కంటే కడిగే మనిషి జీతానికి ఐదేళ్ల నిధి ముందు పెట్టాలి. అది లేకపోతే ఆరు నెలల్లో తలుపుకు తాళం పడుతుంది.

చెట్ల విషయంలో ఒక పొరపాటు ప్రతిసారీ జరుగుతోంది. రాష్ట్రమంతా నాటుతున్నారని జులైలో నాటుతాం. నెల్లూరుకు వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. జులైలో నాటిన మొక్క ఆగస్టు ఎండకు, వేడిగాలికి వాడిపోతుంది. అక్టోబరు మొదటి వానకు నాటితే మూడు నెలలు వేరు పట్టడానికి దొరుకుతాయి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు గొయ్యి తీసి, ఇసుక నేలయితే రెండు గంపల చెరువు మట్టి కలపాలి. ఆరు మీటర్లకొక కానుగ, మధ్యమధ్యలో వేప, నేరేడు. చెరువు కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు వద్దు. చచ్చిన వేళ్లు కుళ్లిన దారుల్లోంచి నీరు ఊరి, కట్ట బలహీనపడుతుంది. కట్ట దిగిన తర్వాత, నాలుగైదు మీటర్లు అవతల నాటాలి, అదీ నీటిపారుదల శాఖ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే. మొదటి రెండు వేసవుల్లో మొక్కకు వారానికి రెండుసార్లు పది పదిహేను లీటర్లు పోయాలి. వచ్చే అక్టోబరుకు మొక్కలు కావాలంటే నర్సరీకి ఇప్పుడే చెప్పాలి, ట్యాంకరు ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.