1987 చట్టం, నలభై అంతస్తుల ఇళ్లు

ఆదివారం పూట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుర్చీలు వేసి జరిపే యజమానుల సంఘం సర్వసభ్య సమావేశంలో, ‘మీరే ఉండండి సార్’ అని నలుగురూ పట్టుబడితే కాదనలేక కార్యదర్శి పదవికి ఒప్పుకున్న వ్యక్తికి, ఆ క్షణం నుంచి తాను ఎన్ని చట్టాలకు జవాబుదారీ అయ్యాడో తెలియదు. జీతం లేని ఆ పదవి హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖపట్నంలో నేడు భారీ ఖాతాలను, లిఫ్టులను, మురుగునీటి శుద్ధి ప్లాంటును, సెక్యూరిటీ సిబ్బందిని నడిపించే బరువుగా మారింది. బిల్డర్‌పై వేసే దావా, బకాయిదారుపై వేసే దావా, పార్కింగ్ కోసం పొరుగువారు వేసే దావా అన్నీ కార్యవర్గం చుట్టూనే తిరుగుతాయి. అపార్ట్‌మెంట్ల యాజమాన్యం విషయంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇప్పటికీ ఆధారం ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన చట్టమే. నాలుగైదు అంతస్తుల భవనాల కాలంలో రాసుకున్న దాన్ని వందల కుటుంబాలుండే టవర్లకు సరిపెట్టాలని చూడడం సంఘాలకూ నివాసులకూ అన్యాయమని మేము భావిస్తున్నాం.

చిక్కు సంఘం పుట్టుకతోనే మొదలవుతోంది. కొన్ని సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం కింద, మరికొన్ని 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదవుతున్నాయి. మొదటి దాన్ని రిజిస్ట్రేషన్ శాఖ చూస్తే మిగిలిన రెండింటినీ సహకార శాఖ చూస్తుంది. ఎన్నికలు సక్రమంగా జరగలేదనో, లెక్కలు చూపడం లేదనో తగవు వస్తే సొసైటీ సభ్యుడు మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి. మ్యాక్స్ సంఘం సభ్యుడు సహకార ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఒకే వీధిలోని రెండు భవనాల్లో ఒకే రకం తగవు రెండు చోట్ల నడుస్తుంటే, అసలు విషయం కంటే ముందు ఎవరి పరిధిలోకి వస్తుందన్న వాదనకే కాలం గడిచిపోతుంది.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఈ లోటును కొంత పూడ్చింది. సగానికి మించి ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా బిల్డర్ చూడాలని, ఉమ్మడి స్థలాల హక్కును సంఘానికి రాసివ్వాలని, స్వాధీనపరచిన నాటి నుంచి ఐదేళ్లలోగా నిర్మాణ లోపం బయటపడి ఫిర్యాదు వస్తే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని అది నిర్దేశించింది. అయితే ఉమ్మడి స్థలాల నిర్వచనంలో ప్రాజెక్టు భూమి మొత్తాన్నీ చేర్చిన ఆ చట్టానికీ, ఇన్ని గజాల అవిభాజ్య వాటా అంటూ ప్రతి కొనుగోలుదారు పేరిట విడివిడిగా రిజిస్టర్ చేసే మన పద్ధతికీ పొంతన కుదరలేదు. సంఘం పేరిట దస్తావేజు లేనంతకాలం క్లబ్‌హౌస్ ఎవరిది, టెర్రస్ ఎవరిది అన్న ప్రతి ప్రశ్నా వివాదమే, ఆ సందిగ్ధంలో లాభపడేది బిల్డరే. భవనం కింద స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌ను విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని ముంబై కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పినా, పార్కింగ్ తగవులు తగ్గలేదు. పోనీ వినియోగదారుల ఫోరానికి వెళదామంటే, చట్టప్రకారం తప్పనిసరిగా ఏర్పడిన యజమానుల సంఘం ‘స్వచ్ఛంద వినియోగదారుల సంఘం’ కిందికి రాదని, కాబట్టి అక్కడ ఫిర్యాదు చేయలేదని బెంగళూరు అపార్ట్‌మెంట్ కేసులో అదే న్యాయస్థానం 2020 ఫిబ్రవరిలో తేల్చిచెప్పింది. రెరా పరిధిలోకి రాని పాత భవనాల సంఘాలకు మిగిలే దారి ప్రధానంగా సివిల్ కోర్టే.

కోర్టుకెక్కిన సంఘం గట్టిగా నిలబడితే ఏమవుతుందో నోయిడా చూపింది. తమ ఆవరణలో నిబంధనలకు విరుద్ధంగా సూపర్‌టెక్ అనే నిర్మాణ సంస్థ లేపిన జంట టవర్లపై నివాసుల సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టుకు వెళ్లింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చివేతను ఖరారు చేసి, సంఘానికి 2 కోట్ల రూపాయల ఖర్చులు చెల్లించాలని సూపర్‌టెక్‌ను ఆదేశించింది. ఏడాది తర్వాత ఆ టవర్లు నేలమట్టమయ్యాయి. పదేళ్లపాటు చందాలు వేసుకుని పోరాడిన ఆ నివాసులకు మేము మనస్ఫూర్తిగా జేజేలు పలుకుతున్నాం. కానీ అంతటి ఓపిక, అంతటి డబ్బు ఎన్ని సంఘాలకు ఉంటాయి?

ఒక విషయంలో మాత్రం కార్యవర్గాల పట్ల మెతకవైఖరి తగదు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనుషులను దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ప్రత్యక్షంగానే కాదు, పరోక్షంగా చేయించినా నేరమేనని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది కాబట్టి, ‘ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చాం, మాకు సంబంధం లేదు’ అనే మాట చెల్లదు. మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం అందాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. నెలవారీ మెయింటెనెన్స్‌లో కాస్త మిగుల్చుకోవడానికి యంత్రానికి బదులు మనిషిని దించే సంఘం, ఆ మనిషి ప్రాణానికి వెల కట్టినట్టే.

నివాసుల ఫిర్యాదులూ తక్కువేమీ కావు. బకాయి ఉందని నీళ్లు ఆపేయడం, కుక్కను పెంచుకుంటే లిఫ్టు ఎక్కనివ్వకపోవడం, పెళ్లికాని యువతీ యువకులకు, కొన్ని మతాల వారికి, మాంసాహారులకు అద్దెకు ఇవ్వొద్దని యజమానులను ఒత్తిడి చేయడం బైలాస్ (సంఘం నియమావళి) పేరుతో సాగుతున్న పెత్తనమే. అదే సమయంలో ఏళ్ల తరబడి మెయింటెనెన్స్ కట్టకుండా, లిఫ్టు, జనరేటర్ మాత్రం వాడుకునేవారి భారాన్ని సక్రమంగా కట్టేవారు మోస్తున్నారు. మహారాష్ట్రలో సహకార గృహ సంఘాలు రిజిస్ట్రార్ వద్ద రికవరీ సర్టిఫికెట్ తీసుకుని బకాయిలు రాబట్టుకోగలవు. అలాంటి సులువైన మార్గం మన సంఘాలన్నింటికీ ఉంటే నీళ్ల వాల్వు కట్టేయాలన్న ఆలోచనే రాదు.

అన్నింటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది పాత భవనాల సంగతి. అమెరికాలోని ఫ్లోరిడాలో సర్ఫ్‌సైడ్ వద్ద 12 అంతస్తుల కాండోమినియం (యజమానుల ఉమ్మడి అపార్ట్‌మెంట్ భవనం) 2021 జూన్ 24 తెల్లవారుజామున కూలి 98 మంది మరణించారు. స్లాబు తీవ్రంగా దెబ్బతిన్నదని ఇంజినీరు 2018లోనే నివేదిక ఇచ్చినా, మరమ్మతుల ఖర్చు ఎవరు ఎంత భరించాలన్న పేచీలతో మూడేళ్లు గడిచిపోయాయి. ఆ తర్వాత ఫ్లోరిడా పాత భవనాలకు నిర్మాణ తనిఖీలను, మరమ్మతుల నిధిని తప్పనిసరి చేస్తూ 2022లో చట్టం తెచ్చింది. హైదరాబాద్‌లో అమీర్‌పేట, హిమాయత్‌నగర్ వంటి చోట్ల ఎనభైలు, తొంభైల్లో కట్టిన అపార్ట్‌మెంట్లలో పిల్లర్ల పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు బయటపడుతున్నా, కూల్చి తిరిగి కట్టుకుందామంటే ఒక్కరు సంతకం పెట్టకపోయినా పని ఆగిపోతోంది. తమిళనాడు 1994 నాటి చట్టాన్ని పక్కనపెట్టి 2022లో కొత్త అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం చేసి, మూడింట రెండు వంతుల యజమానుల సమ్మతితో పునర్నిర్మాణానికి వీలు కల్పించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు అదే దారిలో 1987 చట్టం స్థానంలో కొత్త ముసాయిదాను రూపొందించి, సంఘాలన్నింటికీ ఒకే నమోదు విధానాన్ని, తగవులకు జిల్లా స్థాయిలో ఒకే అధికారిని, ముప్పై ఏళ్లు దాటిన భవనాలకు తప్పనిసరి తనిఖీని అందులో పొందుపరచి, ఒప్పుకోని యజమానికి న్యాయమైన పరిహారం ఎలా అందుతుందో కూడా స్పష్టంగా రాసి, శాసనసభల ముందుకు తేవాలి.