రంగు వెయ్యడం కాదండీ

ల్యాబుల్లో వాడే వెలిగే రంగుల మీద మీ వ్యాసం బాగుంది గానీ, ‘ఇథీడియం బ్రోమైడ్ (డీఎన్ఏను చూడ్డానికి వాడే రసాయనం) డీఎన్ఏకు రంగు వేస్తుంది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. గుడ్డకు అద్దకం వేసినట్టు కాదది. నీళ్లలో ఉన్నంతసేపు ఆ అణువు దాదాపు వెలగదు, పీల్చుకున్న శక్తిని నీరే లాగేసుకుంటుంది. డీఎన్ఏ నిచ్చెనలో రెండు మెట్ల మధ్య దూరితే నీటి బెడద తగ్గి, సుమారు 20 రెట్లు ఎక్కువ వెలుగుతుంది. అందుకే జెల్‌లో (డీఎన్ఏ ముక్కల్ని విడదీసే మెత్తటి పలకలో) డీఎన్ఏ ఉన్నచోటే గీత కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు లైట్లార్పి, యూవీ (అతినీలలోహిత) కాంతి పెట్టె మీద జెల్ పెడితే నారింజ గీతలు తేలేవి. గ్లవ్స్ మాత్రం ముగ్గురికీ ఒకే జత! డీఎన్ఏలో దూరేదాన్ని చేత్తో ముట్టుకోవాలంటే టెన్షనే మరి. ఇప్పుడు నీలి కాంతితో పనిచేసే సైబర్ సేఫ్ (SYBR Safe) లాంటి రసాయనాలు వచ్చాయి, నయం.

ఇంకొకటి. అమెరికా శాస్త్రవేత్త రోజర్ సియెన్‌కు 2008 రసాయన నోబెల్ కాల్షియం రంగులకు వచ్చిందని రాశారు. అవి ఆయన 1980లలో చేసినవే, కణంలో కాల్షియం పెరిగితే వాటి మెరుపు మారుతుంది. బహుమతి మాత్రం, మరో ఇద్దరితో కలిపి, జెల్లీ చేపలో దొరికిన, ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్‌కు. ఆ చేప అమెరికా పడమటి తీరానిది లెండి, మా కళింగపట్నం వలల్లో పడేది కాదు.